వయసు పైబడుతున్నా ఆరోగ్యంగా, చలాకీగా: కాళ్లతో మొదలుపెట్టి ముఖం దాకా సమగ్ర మార్గదర్శి

దూరం నుంచి నడిచొస్తున్న మనిషికి ఎన్నేళ్లుంటాయో మనం ఇట్టే అంచనా వేసేస్తాం. అప్పటికి ముఖం సరిగ్గా కనపడను కూడా కనపడదు. అడుగు ఎంత దూరం పడుతోంది, చేతులు ఊగుతున్నాయా, నడుం నిటారుగా ఉందా, మెట్టెక్కేటప్పుడు చెయ్యి ఆసరా వెతుక్కుంటోందా, ఇవే వయసు చెప్పేస్తాయి. ముడతలు కనపడాలంటే ఆ మనిషి బాగా దగ్గరికి రావాలి. అయినా సరే, వయసు కనపడకూడదు అనుకోగానే చాలామంది ముందు కొనేది ముఖానికి రాసుకునే క్రీమే.

అందుకే ఈ మార్గదర్శి కింది నుంచి పైకి వెళ్తుంది. ముందు కాళ్లు, కండ, తూలకుండా నిలబడటం. తర్వాత తిండి, నిద్ర. ఆ తర్వాతే చర్మం, పళ్లు, జుట్టు. నలభైల్లో ఉన్నవాళ్లకి ఇది ముందుజాగ్రత్త, అరవై దాటినవాళ్లకి మరమ్మతు. గుండెజబ్బు, కిడ్నీ సమస్య, ఈమధ్యే అయిన కీళ్ల ఆపరేషన్ లాంటివి ఉంటే మాత్రం వ్యాయామం, తిండి మార్చేముందు డాక్టర్‌తో ఒక మాట మాట్లాడండి.

1. ముందు మీ కాళ్ల సంగతి తేల్చుకోండి

చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి పెట్టండి. ఎత్తు మోకాలి దాకా, అంటే సుమారు 43 సెంటీమీటర్లు ఉండాలి. కుర్చీ మధ్యలో కూర్చుని, పాదాలు నేలమీద పూర్తిగా ఆనించి, రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా కట్టుకోండి. ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టి, పూర్తిగా లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం చేస్తూ ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి. చేతుల సాయం తీసుకుంటే లెక్క సున్నాయే.

వృద్ధులు పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేయడానికి డాక్టర్లు వాడే పరీక్ష ఇది. 60–64 ఏళ్ల మగవాళ్లు 14 కన్నా తక్కువసార్లు, ఆడవాళ్లు 12 కన్నా తక్కువసార్లు లేస్తే సగటు కన్నా వెనకబడినట్టు. 65–69 ఏళ్ల మధ్య ఆ హద్దులు 12, 11. డెబ్భై దాటాక, 74 దాకా 12, 10. మీకు యాభయ్యే అయితే ఈ అంకెలు అలవోకగా దాటాలి.

అంకె కన్నా ముఖ్యమైనది, ఎలా చేశారన్నది. లేచేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి లోపలికి వాలుతున్నాయా? చివరి నాలుగైదుసార్లు కూర్చోవడానికి బదులు దబ్బున కూలబడ్డారా? ఒక కాలి మీదే బరువంతా వేస్తున్నారా? ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి వీడియో తీయించుకోండి. మన నడుం ఎంత వంగిందో అద్దంలో తెలియదు, వీడియోలో తెలిసిపోతుంది.

రెండో పరీక్ష ఇంకా తేలిక. పట్టుకోవడానికి అందుబాటులో ఏదో ఒకటి ఉంచుకుని, ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడండి. 51 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,702 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2022లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్లలో ఐదింట ఒకరు ఆ 10 సెకన్లు నిలవలేకపోయారు. తర్వాతి ఏళ్లలో చనిపోయినవాళ్ల శాతం వాళ్లలోనే ఎక్కువగా తేలింది. ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. కండ, నరాలు, చూపు, లోపలి చెవి అన్నీ సరిగ్గా పనిచేస్తేనే ఆ నిలకడ వస్తుంది కాబట్టి, అది తప్పిందంటే ఎక్కడో ఏదో తగ్గుతోందని గుర్తు.

రెండు ఫలితాలూ తేదీ వేసి రాసిపెట్టుకోండి. మూడు నెలలకోసారి మళ్లీ చూసుకోవచ్చు.

2. కండ పెంచండి. అసలు పని ఇదే

ముప్ఫై దాటాక పదేళ్లకి 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది. అరవై తర్వాత ఆ తరుగు ఇంకా వేగం అందుకుంటుంది. ముందుగా పోయేవి వేగంగా కదిలే కండ పోగులు. కాలికి ఏదైనా తగిలి ముందుకు తూలినప్పుడు చటుక్కున అడుగు ముందుకేసి మనల్ని ఆపేవి అవే. మామూలు నడక వాటికి పెద్దగా పని చెప్పదు. రోజూ గంటసేపు నడిచేవాళ్లు కూడా నేలమీద నుంచి లేవడానికి అవస్థ పడటం మీరూ చూసే ఉంటారు.

ఇక ఈ వయసులో బరువులెత్తడం ఏంటి అనేవాళ్ల కోసం ఒక సంగతి. 1990లో అమెరికాలో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో ఉంటున్న, తొంభై అటూ ఇటూగా ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. వాళ్లలో పెద్ద వయసు 96. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. ఆ వయసులో అంత మార్పు వచ్చిందంటే, అరవైలో మొదలుపెట్టడం ఆలస్యం కానే కాదు.

వారానికి రెండు రోజులు చాలు. మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. చేయాల్సినవి ఇవి: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి తోసే పుషప్, రబ్బరు బ్యాండుని ఛాతీ వైపు లాగడం, నేలమీదున్న బరువైన సంచిని తుంటి దగ్గర వంగి ఎత్తడం, మునివేళ్ల మీద లేవడం, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని గదిలో ఇటూ అటూ నడవడం. ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు. కాస్త ఆగి ఇంకోసారి అన్నే. అంతా కలిపి అరగంట దాటదు.

కుర్చీ వ్యాయామం సరిగ్గా చేస్తే ఒక్కటే సగం పని చేస్తుంది, అందుకే వివరంగా చెబుతున్నాను. కుర్చీ అంచుకి జరగండి. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, మడమలు మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి లాక్కోండి. ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, మడమలతో నేలని నొక్కుతూ లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలండి, బిగబడితే బీపీ ఎగబాకుతుంది. కూర్చునేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా దిగండి. కండకి ఎక్కువ మేలు చేసేది ఆ నెమ్మదిగా దిగడమే, జనం తొందరపడి వదిలేసేదీ అదే. 12 సార్లు తేలిగ్గా వస్తుంటే చేతుల్లో బరువు పట్టుకోండి. అదీ తేలికైతే ఇంకాస్త తక్కువ ఎత్తున్న ఆసనం వెతుక్కోండి.

ఎంత కష్టంగా ఉండాలి? చివరి రెండుసార్లు పళ్లు బిగించి చేసినట్టు ఉండాలి. పదిహేను చేశాక కూడా కబుర్లు చెప్పగలుగుతున్నారంటే ఆ బరువు మీకు సరిపోవడం లేదు. మర్నాడు కండరాలు పట్టేసినట్టు ఉండటం మామూలే, రెండు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి, వాపు, ఛాతీలో బిగుతు, తల తిరగడం మామూలు కాదు. వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. ఎముకలు గుల్లబారాయని ఇదివరకే తేలినవాళ్లు నడుం గుండ్రంగా వంచి బరువెత్తకూడదు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నాలుగైదుసార్లు నేర్చుకుని మొదలుపెట్టడం మేలు.

3. తూలకుండా ఉండటం నేర్చుకోండి

పెద్దవాళ్ల జీవితం తలకిందులయ్యేది చాలాసార్లు ఒక్క పడిపోవడంతోనే. తుంటి ఎముక విరిగి మంచాన పడితే ఉన్న కండ వారాల్లో కరిగిపోతుంది. 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్ వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

దీనికి విడిగా టైమ్ కేటాయించాల్సిన పని లేదు. పళ్లు తోముకునేటప్పుడు ఒక చెయ్యి సింక్ మీద ఆనించి ఒంటికాలి మీద నిలబడండి. గోడ పక్కనే ఒక పాదం మడమని ఇంకో పాదం వేళ్లకి తాకిస్తూ తాడు మీద నడిచినట్టు పది అడుగులు వేయండి. తేలికైపోతే తల అటూ ఇటూ తిప్పుతూ నడవండి. తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) నేర్పేవాళ్లు దగ్గర్లో ఉంటే చేరిపోండి, పడిపోవడాన్ని తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న వ్యాయామం అది. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రి లేచినప్పుడు దారిలో చిన్న లైటు, జారని చెప్పులు కూడా ఈ ఖాతాలోవే. బాత్‌రూమ్‌లో కడ్డీ పెట్టించుకుంటే ముసలివాళ్లమైపోయినట్టే అని నామోషీ పడేవాళ్లు చాలామంది. పడ్డాక వచ్చే వాకర్ కన్నా ఆ కడ్డీ నయం.

4. నడక: 10,000 లెక్క పక్కన పెట్టండి

రోజుకి 10,000 అడుగులన్న లెక్క వైద్య పరిశోధన నుంచి వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. సగటున 72 ఏళ్లున్న ఆడవాళ్ల మీద చేసి 2019లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, రోజుకి 2,700 అడుగులు నడిచేవాళ్ల కన్నా 4,400 నడిచేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనపడ్డాయి. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం ఇక పెరగలేదు. కాబట్టి ఇప్పుడు రెండు వేలు నడుస్తున్నవాళ్లు పదివేలు చూసి బెదిరిపోయి మానేయనక్కర్లేదు, ముందు నాలుగు వేలకి వస్తే చాలు.

వేగం మాత్రం ముఖ్యం. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగంలో వారానికి 150 నిమిషాలు. భోజనం చేసిన తర్వాత పది నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు, షుగర్ ఉన్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. నడిచేటప్పుడు చూపు ఫోన్ మీదా కాదు, నేల మీదా కాదు, ఇరవై అడుగుల ముందుకి. మెడ, భుజాలు వాటంతటవే సర్దుకుంటాయి.

5. తిండి: తగ్గించడం కన్నా సరిగ్గా పంచుకోవడం

వయసు పెరిగేకొద్దీ ఆకలి తగ్గుతుంది, ప్రొటీన్ అవసరం మాత్రం పెరుగుతుంది. తిన్న ప్రొటీన్‌ని కండగా మార్చుకునే చురుకు శరీరంలో తగ్గడమే దీనికి కారణం. మామూలుగా చెప్పే లెక్క కిలో బరువుకి 0.8 గ్రాములు. 65 దాటినవాళ్లకి 1.0 నుంచి 1.2 గ్రాములు ఉండాలని 2013లో నిపుణుల బృందం ఒకటి సూచించింది. 60 కిలోల మనిషికి రోజుకి 60–72 గ్రాములన్నమాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టర్ చెప్పినంతే తినాలి.

చాలామంది దీన్నంతా ఒక పూటకి తోసేస్తారు. పొద్దున్న ఏదో పిండిపదార్థం, మధ్యాహ్నం కొంచెం, రాత్రికి ఘనంగా. దానికన్నా మూడు పూటలా 20–25 గ్రాముల చొప్పున పంచుకోవడం మేలు. ఒక గుడ్డులో 6 గ్రాములు, ఒక కప్పు పాలలో 8, ఒక కప్పు ఉడికిన పప్పుధాన్యాల్లో 15–18, వండిన 100 గ్రాముల కోడి మాంసంలో 30 దాకా ఉంటాయి. శాకాహారులు ఈ లెక్క అందుకోవడానికి కొంచెం ఎక్కువ జాగ్రత్త పడాలి. పొద్దున పూట మార్చుకుంటే మిగతాది సులువుగా సర్దుకుంటుంది.

కూరగాయలు, పళ్లు, ముడిధాన్యాలు, గింజలు ఎందుకు మంచివో మళ్లీ చెప్పను, అందరికీ తెలిసిందే. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే టీస్పూన్ కన్నా కొంచెం తక్కువ. అందులో నిల్వ పదార్థాల్లో, ప్యాకెట్ల తిండిలో దాక్కున్న ఉప్పు కూడా కలిసే ఉంది. వయసుతో దాహం తెలియడం మందగిస్తుంది, అందుకని దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగడం అలవాటు చేసుకోవాలి. గుండె బలహీనంగా ఉండి నీళ్లు తగ్గించమన్నవాళ్లకి ఇది వర్తించదు.

బరువు తగ్గే విషయంలో ఒక హెచ్చరిక. యాభై దాటాక వేగంగా బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది, బుగ్గలు లోపలికి పోయి ముఖం వేలాడుతుంది. పది కిలోలు తగ్గి పదేళ్లు పెద్దగా కనిపించేవాళ్లు ఇలాంటివాళ్లే. వారానికి అరకిలో మించకుండా, బరువుల వ్యాయామం మానకుండా తగ్గండి.

మాత్రల్లో నిజంగా చూసుకోవాల్సినవి మూడే. బీ12: వయసుతో కడుపులో ఆమ్లం తగ్గడం వల్ల, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడకం వల్ల, పూర్తి శాకాహారం వల్ల ఇది తగ్గుతుంది. కాళ్ల తిమ్మిరి, మతిమరుపు దీని వల్ల కూడా రావచ్చు. విటమిన్ డీ: 70 దాకా రోజుకి 600 యూనిట్లు, ఆ తర్వాత 800. కాల్షియం: 50 దాటిన ఆడవాళ్లకి, 70 దాటిన మగవాళ్లకి అన్నీ కలిపి 1,200 మిల్లీగ్రాములు, వీలైనంత తిండి ద్వారానే. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని వేసుకోండి. వయసుని వెనక్కి తిప్పుతామనే పొడుల మీద, చుక్కల మీద పెట్టే డబ్బుతో మంచి బూట్లు, ఒక జత డంబెల్స్ వచ్చేస్తాయి.

6. నిద్ర

వయసైతే నిద్ర తక్కువ చాలు అనేది అపోహ. 65 దాటినా ఏడెనిమిది గంటలు కావాల్సిందే. మారేదల్లా, నిద్ర పలచబడి మధ్యమధ్యలో మెలకువ రావడం. పొద్దున్నే వెలుతురులో కాసేపు గడపడం, రోజూ ఒకే టైమ్‌కి లేవడం, మధ్యాహ్నం కునుకు అరగంట దాటకుండా చూసుకోవడం, ఈ మూడూ మాత్రల కన్నా బాగా పనిచేస్తాయి. కాఫీలోని కెఫీన్ సగం బయటికి పోవడానికే ఐదు గంటల దాకా పడుతుంది, కాబట్టి సాయంత్రం కప్పు రాత్రి పదింటికీ మీతోనే ఉంటుంది. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుంటే, పగలంతా జోగుతుంటే, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. బీపీ లొంగకపోవడానికి అది ఒక పెద్ద కారణం. పరీక్ష చేయించుకోండి.

7. ఇప్పుడు ముఖం: ముందు ఎండ

ఒక లారీ డ్రైవర్ ఫొటో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వయసు 69, ఆ ఉద్యోగంలో 28 ఏళ్లు. ముఖం ఎడమవైపు, కిటికీ వైపు, లోతైన ముడతలతో చర్మం వేలాడుతోంది. కుడివైపు చూస్తే పదేళ్లు చిన్నగా కనిపిస్తాడు. మనిషి ఒక్కడే, తిండి ఒక్కటే, వంశం ఒక్కటే. తేడా అంతా అద్దంలోంచి వచ్చిన ఎండ. చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్ని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, చర్మాన్ని బిగుతుగా ఉంచే, లోపలి పొరల్లోని కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ని దెబ్బతీసే యూవీఏ మాత్రం దాటి వచ్చేస్తుంది.

ఆస్ట్రేలియాలో 55 లోపు వయసున్న 903 మంది మీద నాలుగున్నరేళ్లు చేసిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్లతో పోలిస్తే 24 శాతం తక్కువ ముదిరింది. యవ్వనం కోసం అమ్మే సీసాల్లో ఇంత గట్టి ఆధారం ఉన్నవి అరుదు.

సన్‌స్క్రీన్ డబ్బా మీద రక్షణ ఎంతో చెప్పే అంకె ఎస్‌పీఎఫ్. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. 100 కోసం పరుగెత్తక్కర్లేదు. డబ్బా మీద యూవీఏ రక్షణ కూడా ఉందని రాసి ఉండాలి. తేడా వచ్చేది ఎంత రాసుకుంటామన్న దగ్గరే. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా గీతల్లా వేసుకుంటే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చాలామంది దీంట్లో మూడో వంతు కూడా రాసుకోరు, డబ్బా మీద ఉన్న అంకె వాళ్లకి దక్కదు. చెవులు, మెడ వెనక, ముంజేతుల పైభాగం మర్చిపోకండి, వయసు ముందు బయటపెట్టేవి చేతులే. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లకి ముడతలు ఆలస్యంగా వస్తాయి, మచ్చలు, మంగు మాత్రం ముందే వస్తాయి. వాళ్లకి ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మంచిది, మామూలు సన్‌స్క్రీన్ ఆపలేని కనిపించే వెలుతురుని కూడా అది కొంత ఆపుతుంది. అంచు వెడల్పున్న టోపీ, పొడుగు చేతుల బట్టలు వీటన్నిటి కన్నా చవక.

8. రాత్రి పూట ఒక్క మందు

ముడతల మీద దశాబ్దాలుగా నిరూపణ అయిన మందు ట్రెటినోయిన్, అంటే విటమిన్ ఏ నుంచి వచ్చిన పూత. మొటిమలకి వాడుతుంటే చర్మం నున్నబడుతోందని గమనించి, ఎండకి ముదిరిన చర్మం మీద అది పనిచేస్తుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో ప్రచురించింది. 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ వాడకానికి అనుమతి ఇచ్చింది. కొత్త కొల్లాజెన్ తయారవడాన్ని పెంచుతుంది, ఉన్నది విరిగిపోవడాన్ని తగ్గిస్తుంది. షాపుల్లో దొరికే రెటినాల్ దీనికి చిన్న తమ్ముడు, ఘాటు తక్కువ, ఫలితం కూడా నెమ్మది.

వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి. ముఖం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ముఖం మొత్తానికీ బఠానీ గింజంత మాత్రమే. కళ్ల అంచులు, పెదవుల మూలలు వదిలేయాలి. పైన మాయిశ్చరైజర్. మొదటి వారాల్లో పొట్టు రేగడం, మంట మామూలే. ఎక్కువైతే రోజుల మధ్య ఎడం పెంచండి, ఎందుకంటే ముదురు రంగు చర్మంలో మంట తగ్గాక నల్లమచ్చలు మిగిలే ప్రమాదం ఉంది. ఫలితం నెలల్లో తెలుస్తుంది, వారాల్లో కాదు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అసలు వాడకూడదు.

మెనోపాజ్ తర్వాత మొదటి ఐదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుంది. ఆ వయసులో ఆడవాళ్లకి చర్మం ఒక్కసారిగా పలచబడ్డట్టు, పొడిబారినట్టు అనిపించడానికి కారణం అదే. స్నానం చేసిన వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయడం ఈ దశలో అందరికీ అవసరం. తెల్లబడతారని చెప్పి అమ్మే క్రీముల జోలికి వెళ్లకండి. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్లు, పాదరసం ఉంటాయి. స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేసి రక్తనాళాలు బయటికి కనిపించేలా చేస్తుంది, పాదరసం కిడ్నీలని దెబ్బతీస్తుంది.

సిగరెట్ తాగుతూ ఇవన్నీ చేస్తే దండగ. పొగ చర్మానికి రక్తం అందకుండా నాళాలని బిగిస్తుంది, కొల్లాజెన్‌ని విరగ్గొడుతుంది, పెదవుల చుట్టూ గీతలు వేస్తుంది. మానేసిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది.

కొత్తగా పుట్టిన మచ్చ, లేదా పాత పుట్టుమచ్చ ఆకారం, రంగు మారినా, రక్తం కారినా, మానకుండా ఉన్నా క్రీములతో కాలయాపన చేయకుండా చర్మ డాక్టర్‌కి చూపించండి.

9. పళ్లు, జుట్టు, బట్టలు

పన్ను పోయి ఖాళీ అలాగే వదిలేస్తే అక్కడి దవడ ఎముక కూడా అరుగుతుంది. బుగ్గలు లోపలికి పోవడం, గడ్డం ముక్కు దగ్గరికి రావడం అందువల్లే. బుగ్గలు నిండుగా కనిపించేందుకు చేసే ఏ ఫిల్లర్ ఇంజెక్షన్‌కైనా ముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం లాభం. తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందంటే చిగుళ్ల జబ్బు మొదలైనట్టే.

తెల్లజుట్టుకి రంగు వేసుకోవడమా మానడమా అన్నది మీ ఇష్టం. చక్కగా కత్తిరించిన తెల్లజుట్టు, సగం ఊడిన రంగు కన్నా బాగుంటుందని నా అభిప్రాయం. వేసుకునేట్టయితే మోచేతి మడత దగ్గర కొంచెం రాసి 48 గంటలు చూడండి, పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. జుట్టు అకస్మాత్తుగా రాలుతుంటే నూనెలు మార్చడం కన్నా ముందు థైరాయిడ్, ఐరన్ పరీక్ష చేయించుకోవాలి.

బట్టలు ఇప్పటి ఒంటికి సరిపోయేవి వేసుకోండి. పదేళ్ల క్రితం కొలతల చొక్కా భుజాల దగ్గర జారుతుంటే మనిషి కుంచించుకుపోయినట్టు కనిపిస్తాడు.

10. చెవులు, కళ్లు, మనుషులు

చెవుడు ఒప్పుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ ప్రతి మాటకీ ‘ఆఁ? ఏంటీ?’ అనడం, మాట వినపడక నలుగురిలో మౌనంగా కూర్చోవడం వినికిడి యంత్రం కన్నా ఎక్కువ వయసు చూపిస్తాయి. 2024 నాటి లాన్సెట్ కమిషన్ నివేదిక మతిమరుపు జబ్బు డిమెన్షియాకి మనం మార్చగలిగే 14 కారణాలు గుర్తించింది. వినికిడి లోపం, సరిచేయని చూపు, ఒంటరితనం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్ అందులో ఉన్నాయి. వాటన్నిటినీ అరికట్టగలిగితే సుమారు 45 శాతం కేసుల్ని నివారించడమో వాయిదా వేయడమో వీలవుతుందని లెక్క కట్టింది.

మనుషుల సంగతికొస్తే, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న అధ్యయనం ఒకటి ఉంది. దాన్నుంచి పదేపదే తేలింది ఏంటంటే, దగ్గరి సంబంధాలు సజావుగా ఉన్నవాళ్లే ముసలితనంలో ఆరోగ్యంగా ఉన్నారు. వారంలో ఒక రోజైనా ఎవరితోనో కలిసి చేసే పని పెట్టుకోండి. నడకైనా సరే. ఒంటరిగా అయితే వాన పడగానే మానేస్తాం, ఎదురుచూసే మనిషి ఉంటే గొడుగు తీసుకుంటాం.

11. పరీక్షలు, టీకాలు, మాత్రల సంచి

బీపీ ఇంట్లోనే చూసుకోవచ్చు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు తీయండి. తరచూ 130/80 దాటుతుంటే డాక్టర్‌కి చూపించండి. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గడప దగ్గర ఉన్నట్టు, ఇంకా వెనక్కి తిరగొచ్చు. 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వచ్చినట్టు. కొలెస్ట్రాల్, కళ్లు, చెవులు, పళ్లు ఈ వరసలోనే. ఆడవాళ్లు 65కి ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోవాలి, చిన్న దెబ్బకే ఎముక విరిగి ఉంటే ఇంకా ముందే. పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష 45 నుంచి, రొమ్ము క్యాన్సర్ పరీక్ష 40 నుంచి అమెరికా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మీ దేశంలో ఎప్పుడన్నది డాక్టర్‌ని అడగండి. టీకాల్లో ఏటా ఫ్లూ, యాభై దాటాక సర్పి (షింగిల్స్), న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి.

చివరిది, దాదాపు ఎవరూ చేయనిది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఎప్పుడో ఎవరో రాసిచ్చినవి, షాపులో మీరే అడిగి కొన్నవి, పొడులు, కషాయాలతో సహా ఒక సంచిలో వేసుకుని ఏడాదికోసారి డాక్టర్ ముందు బల్ల మీద పోయండి. జలుబుకీ నిద్రకీ వాడే డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాత రకం అలర్జీ మందులు, నిద్రమాత్రలు పెద్దవాళ్లలో మత్తు, తికమక తెచ్చి పడిపోయేలా చేస్తాయి. బీపీ మందు మోతాదు ఎక్కువైతే లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. వయసు వల్ల అనుకునే మందకొడితనం ఒక్కోసారి ఈ సంచిలోనే ఉంటుంది. ‘ఇందులో ఇంకా నాకు అవసరం లేనివి ఏవి?’ అని నేరుగా అడగండి. అంతేగానీ సొంతంగా ఏదీ ఒక్కసారిగా ఆపేయకండి, నిద్రమాత్రల్లో, బీపీ మందుల్లో కొన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ మానాల్సినవి.